పోర్టళ్లు చాలు, పొంతన కావాలి

పరిశోధన పత్రాల చివర తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: ఈ అధ్యయనానికి ఆధారమైన డేటాను, సహేతుకంగా అడిగినవారికి రచయితలు అందజేస్తారు. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో 2022లో వెలువడిన ఒక అధ్యయనం పరీక్షించి చూసింది. బయోమెడ్ సెంట్రల్ అనే ప్రచురణ సంస్థ జర్నళ్లలో అలా మాట ఇచ్చిన సుమారు 1,800 పత్రాల రచయితలను డేటా అడిగితే, 93 శాతం మంది జవాబే ఇవ్వలేదు, లేదా కుదరదన్నారు. డేటా నిజంగా చేతికి వచ్చింది 7 శాతం లోపు పత్రాలకే. అంతకుముందు 2014లో, మొక్కల, జంతువుల శరీర కొలతలను వాడిన 516 పత్రాల వెంటపడిన మరో బృందం, పత్రం వెలువడ్డాక గడిచే ప్రతి ఏడాదికీ దాని డేటా దొరికే అవకాశం, దొరకని అవకాశంతో పోలిస్తే, 17 శాతం చొప్పున తగ్గిపోతోందని లెక్క తేల్చింది. రచయితల ఈమెయిల్ చిరునామాలు మారిపోతాయి, పాత డిస్కులను చదివే యంత్రాలు మూలపడతాయి, ఆ పని చేసిన విద్యార్థి ఎక్కడున్నాడో గురువుకే తెలియదు. ఇందులో కుట్ర ఏమీ లేదు, కాలం చేసే పని ఇది.

కాబట్టి డేటాను వ్యక్తుల కంప్యూటర్లకు వదిలేయకుండా భాండాగారాల్లో దాచాలన్న వాదన దాదాపుగా గెలిచింది. 2021 నవంబరులో యునెస్కో, పరిశోధనను అందరికీ అందుబాటులో ఉంచాలనే ఓపెన్ సైన్స్‌పై తన సిఫార్సును ఆమోదించింది. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఎన్‌ఐహెచ్, 2023 జనవరి నుంచి తన సొమ్ముతో డేటా పుట్టే ప్రతి ప్రాజెక్టుకూ ఆ డేటాను ఎలా నిర్వహిస్తారో, ఎలా పంచుకుంటారో చెప్పే ప్రణాళికను తప్పనిసరి చేసింది. ప్రపంచంలోని పరిశోధన డేటా భాండాగారాలను నమోదు చేసే రీత్రీడేటా పట్టికలో ఇప్పుడు 3,000కు పైగా పేర్లున్నాయి. డేటా దొరకదన్న ఫిర్యాదు పూర్తిగా పోలేదు గాని, దాని పక్కనే కొత్త ఫిర్యాదు ఒకటి వచ్చి కూర్చుంది: దొరికిన డేటాకు ఒకదానితో ఒకదానికి పొంతన లేదు.

నా వాదన ఈ రెండో ఫిర్యాదు గురించి. పరిశోధన డేటాకు ఉమ్మడి మౌలిక వసతి కావాలనగానే సంస్థలు ఒక వెబ్‌సైటును, దాని వెనుక కొన్ని సర్వర్లను, ముందు ఒక వెతుకుడు పెట్టెను ఊహించుకుంటాయి. నిధులు కూడా వాటికే మంజూరవుతాయి. ఆ వసతిలో అసలు బరువు మోసేది మాత్రం ఫోటోకు అందని భాగం: కొలతలను, పేర్లను, గుర్తింపు సంఖ్యలను ఎలా రాయాలన్న ఒప్పందాలు, ఆ ఒప్పందాలను దశాబ్దాల తరబడి కాపాడే మనుషులు. ఈ భాగానికి ముందుగా, శాశ్వతంగా డబ్బు పెట్టనంతకాలం, ప్రతి కొత్త పోర్టలూ పాత గందరగోళానికి మరొక చిరునామా మాత్రమే అవుతుంది.

ఇది అతిశయోక్తిగా అనిపిస్తే, రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు పట్టికలను ఒకటిగా కలిపే పని ఏమిటో చూడాలి. కొన్నేళ్లుగా నా పనిలో పెద్ద భాగం ఇదే. నీటి నాణ్యతనే తీసుకుందాం. రెండు పట్టికల్లోనూ నైట్రేట్ అనే నిలువు వరుస ఉంటుంది, రెండింటిలోనూ ప్రమాణం లీటరుకు మిల్లీగ్రాములే. అయినా ఒక ప్రయోగశాల నైట్రేట్ అయాన్ మొత్తాన్ని తూచి రాస్తుంది, మరొకటి అందులోని నత్రజని బరువును మాత్రమే రాస్తుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా దాదాపు 4.4 రెట్లు. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు నైట్రేట్‌గా 50 మిల్లీగ్రాములు కాగా, అమెరికా నియమం నత్రజనిగా 10 మిల్లీగ్రాములు. చూడటానికి ఒకటి మరొకదానికి ఐదు రెట్లు సడలింపుగా కనిపించినా, లెక్కగడితే రెండూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. పట్టికలో ఆ ఒక్క ముక్క రాయకపోతే, కలిపినవాడు ఒక నదిని కలుషితమని, మరొక నదిని శుభ్రమని తేల్చేయవచ్చు. ఆ తప్పును ఏ కంప్యూటరూ పట్టుకోదు, ఎందుకంటే అంకెలన్నీ సవ్యంగానే ఉన్నాయి.

తర్వాత ఖాళీల సంగతి. కొలవని చోట ఒకరు గడిని ఖాళీగా వదిలేస్తారు, మరొకరు సున్నా పెడతారు, ఇంకొకరు మైనస్ 9999 అని రాస్తారు. పరికరం పట్టుకోగలిగిన కనిష్ఠ స్థాయికన్నా తక్కువ ఉన్నదానికీ, అసలు కొలవనిదానికీ తేడా ఉంది. చాలా పట్టికల్లో ఆ రెండూ ఒకే ఖాళీగా మిగులుతాయి. సగటు తీసేటప్పుడు మైనస్ 9999 కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కనుక దానితో పెద్ద ప్రమాదం లేదు. సున్నానే మోసం చేస్తుంది. తేదీల్లో 03/04 అంటే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో రాసినవారికే తెలియాలి. అక్షాంశం ముందా, రేఖాంశం ముందా అన్నది మరొక చిక్కు. నమూనా తీసే కేంద్రాన్ని మధ్యలో రెండు కిలోమీటర్లు ఎగువకు జరిపి, పేరు మాత్రం పాతదే ఉంచిన సందర్భాలు ఉంటాయి; అలాంటి మార్పు ఎక్కడైనా నమోదై ఉంటే అది ఎవరో ఒకరి నోటుపుస్తకంలోనే.

జన్యుశాస్త్రంలో ఇటువంటిదే ఒక ప్రసిద్ధ ఉదంతం ఉంది. ఎక్సెల్ స్ప్రెడ్‌షీట్ కొన్ని జన్యువుల సంక్షిప్త నామాలను తేదీలుగా మార్చేస్తోందని 2004లోనే పరిశోధకులు హెచ్చరించారు. 2016లో ప్రముఖ జర్నళ్లను తరచి చూస్తే, జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన పత్రాల్లో సుమారు ఐదోవంతు ఈ పొరపాటుతోనే ఉన్నాయి. చివరకు 2020లో, మానవ జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ తానే దిగి, మార్చ్1 వంటి పేర్లను మార్చ్ఎఫ్1 అని, సెప్ట్1ను సెప్టిన్1 అని సవరించింది. ఆ తేదీల మార్పిడిని ఆపుకునే వీలును ఎక్సెల్ 2023లో కల్పించింది. సాఫ్ట్‌వేర్‌కు భయపడి జన్యువుల పేర్లు మార్చుకోవడమేమిటని ఈ కథ విన్న చాలామంది నవ్వుతారు. నాకు మాత్రం అందులో మెచ్చుకోవలసిన విషయం కనిపిస్తుంది. పేర్ల మీద అధికారం ఉన్న ఒక కమిటీ, అది తీసుకున్న నిర్ణయాన్ని ప్రపంచమంతా పాటించే అలవాటు ఆ రంగంలో ముందే ఉన్నాయి కాబట్టి ఆ సమస్యకు ఒక పరిష్కారం సాధ్యమైంది. నదుల నమూనా కేంద్రాల పేర్లకు అలాంటి ప్రపంచ కమిటీ ఏదీ లేదు.

ఒప్పందం మొదట, యంత్రాలు తర్వాత అన్న పద్ధతి ఏం సాధిస్తుందో చూపడానికి ప్రోటీన్ డేటా బ్యాంకును మించిన ఉదాహరణ నాకు తెలియదు. అది 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో ఏడు ప్రోటీన్ నిర్మాణాలతో మొదలైంది. ఇప్పుడు అందులో 2,00,000కు పైగా నిర్మాణాలున్నాయి. ఈ పెరుగుదల దానంతటదే జరగలేదు. నిర్మాణాన్ని బ్యాంకులో జమ చేయనిదే పత్రాన్ని అచ్చువేయబోమని జర్నళ్లు క్రమంగా పట్టుబట్టాయి. నిధులిచ్చేవారు ఆ షరతును బలపరిచారు. వచ్చిన ప్రతి నిర్మాణాన్నీ తనిఖీ చేసి, లోపాలుంటే రచయితలకు తిప్పి పంపే ఉద్యోగులు ఉన్నారు. 2003లో అమెరికా, ఐరోపా, జపాన్ కేంద్రాలు ఒకే సంఘంగా ఏర్పడి, ఎక్కడ జమ చేసినా ఒకే నియమాలు, ఎక్కడ చూసినా అదే సంచయం అన్న స్థితిని తెచ్చాయి.

అంతటి బ్యాంకు కూడా తన సొంత ఫార్మాట్‌లో ఎన్నో ఏళ్లు చిక్కుకుంది. మొదటి ఫైలు ఫార్మాట్ పంచ్ కార్డుల కాలంనాటిది కావడంతో వరుసకు 80 అక్షరాలే. పరమాణువుల వరుస సంఖ్యకు అందులో ఐదు అంకెల చోటే ఉంది కాబట్టి 99,999కి మించితే ఫైలులో పట్టవు. రైబోజోమ్ వంటి భారీ నిర్మాణాలు వచ్చినప్పుడు, ఒకే అణుసముదాయాన్ని ముక్కలు చేసి వేర్వేరు ఫైళ్లలో పెట్టాల్సి వచ్చింది. ఈ హద్దులు లేని ఎంఎంసీఐఎఫ్ అనే ప్రమాణానికి 1997లోనే ఆమోదం లభించినా, అది బ్యాంకుకు ప్రధాన ఫార్మాట్ కావడానికి 2014 దాకా పట్టింది. స్ఫటిక నిర్మాణాలను ఆ రూపంలోనే జమ చేయాలన్న నిబంధన 2019లో గాని రాలేదు. ప్రమాణం సిద్ధం కావడానికీ, అది అందరి చేతుల్లోకి రావడానికీ మధ్య ఇరవై రెండేళ్లు. ఆ ఇరవై రెండేళ్లూ పాత ఫార్మాట్‌ను చదివే ప్రోగ్రాములను పనిచేయిస్తూ, కొత్తదాన్ని అలవాటు చేస్తూ, పాత రికార్డులను సవరిస్తూ గడిపిన మనుషులకు ఎవరో ఒకరు జీతాలివ్వాలి. మూడేళ్ల ప్రాజెక్టులో ఈ పనికి చోటెక్కడ?

దాని ఫలితం మాత్రం లోకానికంతా తెలిసింది. ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ అమైనో ఆమ్లాల వరుసను చూసి ప్రోటీన్ ఆకృతిని ఊహించగలగడానికి ఆధారం, అర్ధశతాబ్దంగా ఒకే పద్ధతిలో పోగుపడిన ఆ నిర్మాణాలే. డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లు డేవిడ్ బేకర్‌తో కలిసి 2024లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నప్పుడు పత్రికలు కృత్రిమ మేధ గురించి పుంఖానుపుంఖాలుగా రాశాయి. బ్యాంకులో కూర్చుని బంధాల పొడవులను, గొలుసుల పేర్లను సరిచూసిన క్యూరేటర్ల గురించి రాసినవారు తక్కువ. ప్రోటీన్లలో జరిగినట్టు ఇతర రంగాల్లో ఎందుకు జరగడం లేదని అడిగేవారికి నా సమాధానం ఒకటే: ఆ రంగాల్లో అలాంటి బ్యాంకు ఎక్కడుంది?

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. అన్ని శాస్త్రాలకూ కలిపి ఒకే మహా వేదికను కట్టి, అందరినీ అందులోకి రమ్మంటే పొంతన సమస్య తీరిపోదా? వినడానికి ఇది ఆకర్షణీయంగా ఉంటుంది. పెద్ద సంస్థల అధికారులతో మాట్లాడిన ప్రతిసారీ ఈ ఆలోచన ఏదో ఒక రూపంలో బయటికి వస్తుంది. నేను దీన్ని అంగీకరించను. మొదటి కారణం, ఒకే చోట ఉన్నంత మాత్రాన డేటా కలవదు. నైట్రేట్ చిక్కు రెండు వేర్వేరు సర్వర్లలో ఉన్నా, ఒకే సర్వర్‌లోని రెండు ఫోల్డర్లలో ఉన్నా అదే చిక్కు. రెండో కారణం చరిత్రలో ఉంది. 1957–58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం కోసం ప్రపంచ డేటా కేంద్రాలను ఏర్పాటు చేసినప్పుడు, ఒకటి అమెరికాలో, ఒకటి సోవియట్ యూనియన్‌లో, మూడోది పలు దేశాల మధ్య పంచి పెట్టారు. ప్రచ్ఛన్న యుద్ధం ముదిరి ఉన్న రోజులవి. ఎవరి మీదా ఎవరికీ నమ్మకం లేని ఆ కాలంలో పని సాగించింది, కొలతలను ఏ రూపంలో పంపాలో ముందే కుదుర్చుకున్న ఒప్పందం, ఒక కేంద్రం పోయినా మరొక చోట ప్రతి మిగిలే ఏర్పాటు. నేటికీ జన్యుక్రమాల డేటా ఇదే బాటలో నడుస్తోంది: అమెరికాలోని జెన్‌బ్యాంక్, ఐరోపాలోని ఈఎన్‌ఏ, జపాన్‌లోని డీడీబీజే ప్రతిరోజూ తమ రికార్డులను ఇచ్చిపుచ్చుకుంటాయి. పరిశోధకుడు తనకు దగ్గరైన తలుపు తడితే చాలు, లోపల ఉన్నది ఒకే సంచయం.

ఒక వేదికకు బదులు పలుచని ఉమ్మడి పొర ఒకటి చాలన్నది దీనికి ప్రత్యామ్నాయం. దాని ముక్కలు ఇప్పటికే చాలావరకు ఉన్నాయి. డేటాసెట్‌కు 2009లో పుట్టిన డేటాసైట్ అనే సంస్థ ద్వారా డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది, పరిశోధకుడికి 2012 నుంచి ఆర్కిడ్ సంఖ్య ఉంది, సంస్థకు 2019 నుంచి ఆర్‌ఓఆర్ గుర్తింపు ఉంది. ఈ మూడింటినీ మెటాడేటాలో, అంటే డేటా గురించిన వివరాల పట్టికలో, సరిగ్గా నింపితే, ఫలానా విశ్వవిద్యాలయంలోని ఫలానా మనిషి సేకరించిన డేటా ఏ పత్రానికి ఆధారమైందో యంత్రమే చెప్పగలదు. నింపితే అన్నదే అసలు మాట. డేటాసైట్ తప్పనిసరి చేసే అంశాలు ఆరే: గుర్తింపు సంఖ్య, కర్త, శీర్షిక, ప్రచురణకర్త, సంవత్సరం, వనరు రకం. ఏ పత్రానికి సంబంధించినదో చెప్పే గడి ఐచ్ఛికం, సంస్థ గుర్తింపు ఐచ్ఛికం. ఐచ్ఛికమైన గడులను తీరిక లేని పరిశోధకులు ఖాళీగానే వదిలేస్తారు, వారిని తప్పుపట్టను. ఆర్కిడ్ సంఖ్యతో లాగిన్ అయిన మనిషి చేతనే మళ్లీ పేరు, సంస్థ, నిధుల వివరాలు టైపు చేయించే దరఖాస్తులను మాత్రం తప్పుపడతాను. యంత్రానికి ముందే తెలిసినదాన్ని మనిషిని అడగడం బద్ధకం తప్ప మరేమీ కాదు.

ఈ పలుచని పొర డేటాను కనుక్కోవడానికి సరిపోతుంది, కలపడానికి చాలదు. కలపాలంటే దాని మీద ఆయా రంగాల సొంత ఒప్పందాలు ఉండాలి. ఖగోళశాస్త్రంలో 1981 నుంచి ఫిట్స్ ఫార్మాట్ ఉంది. తర్వాత చేసే ఏ మార్పూ పాత ఫైళ్లను చెల్లకుండా చేయరాదన్నది దాని మూలసూత్రం. జీవవైవిధ్య రంగంలో డార్విన్ కోర్ అనే పదావళి ఉంది. అందులో అక్షాంశానికి ఒక పేరు, రేఖాంశానికి వేరొక పేరు, చూసిన తేదీకి ఒక పేరు, అది కంటితో చూసినదా లేక మ్యూజియంలోని నమూనానా అన్నదానికి మరొక పేరు ఉన్నాయి కాబట్టి, ఏది ముందు ఏది వెనుక అన్న తగాదాకు తావే లేదు. 2001లో ఏర్పడిన జీబిఫ్ అనే అంతర్జాతీయ వ్యవస్థ ఆ పదావళి ఆధారంగానే 200 కోట్లకు పైగా రికార్డులను ఒకే చోట వెతకగలిగేలా చేసింది. దానిలో నాకు ఎక్కువ నచ్చేది మరొకటి. ఎవరైనా వేలాది డేటాసెట్ల నుంచి ఏరి తమకు కావలసిన రికార్డులను దించుకుంటే, ఆ దించుకున్న మొత్తానికి ఒక డీఓఐ వస్తుంది. పత్రంలో దాన్ని ఉటంకిస్తే, ఆ ఘనత వెనక్కి ప్రయాణించి, రికార్డులిచ్చిన ప్రతి మ్యూజియంకూ, ప్రతి బృందానికీ చేరుతుంది. డేటా పంచుకున్నవారికి పేరు రాదన్న పాత బాధకు, ప్రసంగాలతో పని లేకుండా దొరికిన జవాబు ఇది.

ఫెయిర్ సూత్రాల ప్రస్తావన లేకుండా ఈ విషయం ముగియదు కాబట్టి, వాటి గురించి నా అభిప్రాయం చెప్పి ముందుకు వెళతాను. డేటా వెతికితే దొరకాలి, అందాలి, ఇతర డేటాతో పొసగాలి, తిరిగి వాడుకోవడానికి పనికిరావాలి అన్న ఆ సూత్రాలు 2016లో సైంటిఫిక్ డేటా అనే జర్నల్‌లో వెలువడ్డాయి. వాటిలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. వాటిని ఒక ముద్రగా మార్చిన తీరుతోనే నాకు పేచీ. స్వయం మూల్యాంకన పట్టికలు మెటాడేటా ఉందా, లైసెన్సు ఉందా, డీఓఐ ఉందా అని అడిగి మార్కులు వేస్తాయి. మార్కులు వస్తాయి, పట్టికలు మాత్రం కలవవు. నేనైతే ఒక చిన్న పరీక్ష పెడతాను. ఒకే విషయంపై రెండు వేర్వేరు భాండాగారాల నుంచి రెండు డేటాసెట్లను తీసి, వాటిని తయారుచేసిన ఎవరితోనూ సంబంధం లేని మూడో మనిషికి ఇవ్వాలి. ఎవరికీ ఫోన్ చేయకుండా, ఈమెయిల్ పంపకుండా, అతను వాటిని ఒకటిగా కలిపి, కలిపినది సరైనదేనని చెప్పగలిగితే ఆ భాండాగారాలు నెగ్గినట్టు. చెప్పలేకపోతే, అతను ఎక్కడ ఆగిపోయాడో అక్కడే తర్వాతి ఏడాది నిధులు ఖర్చు పెట్టాలి.

అన్నిటినీ ముందే ప్రామాణీకరిస్తే పరిశోధన బిగుసుకుపోతుందన్న వాదనలో కొంత నిజం ఉంది. పరికరాలే ఏటేటా మారిపోతున్న కొత్త రంగంలో, ఏది కొలవాలో ఇంకా తేలని దశలో వివరమైన ప్రమాణాన్ని రుద్దితే, అందరూ దాన్ని తప్పించుకునే దారులు వెతుకుతారు. అలాంటి చోట ఆగడమే మంచిది. అయితే కొలత ప్రమాణాలు రాయడానికి, తేదీని ఏడాది నెల రోజు వరుసలో పెట్టడానికి, ఖాళీకీ సున్నాకూ తేడా చూపడానికి ఏ రంగమూ పరిపక్వమయ్యేదాకా వేచి ఉండనక్కర్లేదు.

బహిరంగపరచలేని డేటా కూడా ఉంది. రోగుల వ్యక్తిగత రికార్డులను ఎవరూ బహిరంగ భాండాగారంలో పెట్టరు, పెట్టకూడదు. పొంతన అవసరం అక్కడ ఇంకా ఎక్కువ. 2020లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్‌సేఫ్లీ వ్యవస్థలో రికార్డులు ఉన్నచోటే ఉంటాయి. పరిశోధకుడు రాసిన ప్రోగ్రామే అక్కడికి వెళ్లి, లోపల నడిచి, మొత్తాల అంకెలతో మాత్రం తిరిగి వస్తుంది. ఇలా డేటాను కళ్లతో చూడకుండా పనిచేయాలంటే, అది ఏ రూపంలో ఉందో, ఏ గడిలో ఏముందో ముందే కచ్చితంగా తెలిసి ఉండాలి. ఆదివాసీ సమాజాల డేటా విషయంలో 2019లో వచ్చిన కేర్ సూత్రాలు, ఆ డేటాపై నిర్ణయాధికారం ఆయా సమాజాలదేనని గుర్తుచేస్తాయి. ఆ అధికారాన్ని యంత్రం గౌరవించాలన్నా, ఎవరి అనుమతి కావాలో మెటాడేటాలో నమోదై ఉండాలి.

ఇక డబ్బు సంగతి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత నిధుల మంజూరు కమిటీలకు సరిగ్గా అతుకుతుంది. కొత్త వేదికకు ప్రకటన ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. పదిహేనేళ్లుగా సవ్యంగా నడుస్తున్న భాండాగారానికి మరో ఐదేళ్లు జీతాలివ్వమంటే, ఇందులో నవ్యత ఏముందని అడుగుతారు. పర్యవసానాలు చరిత్రలో ఉన్నాయి. బ్రిటన్‌లో మానవీయ శాస్త్రాల డేటాను భద్రపరిచిన ఏహెచ్‌డీఎస్‌కు 2008లో నిధులు ఆగిపోయాయి. అమెరికాలో జన్యుక్రమాల ముడి డేటాను దాచే ఎస్‌ఆర్‌ఏను, బడ్జెట్ కోత వల్ల మూసేస్తున్నామని 2011 ఫిబ్రవరిలో ప్రకటించారు. అదే ఏడాది ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు కాబట్టి సరిపోయింది. అరబిడాప్సిస్ మొక్కపై పనిచేసే శాస్త్రవేత్తలందరూ ఆధారపడే టెయిర్ అనే డేటాబేస్, ప్రభుత్వ నిధులు ఆగిపోయాక 2013 నుంచి చందాల మీద నడవాల్సి వచ్చింది. అందరికీ ఉచితంగా ఉండాల్సినది చందాదారులదైతే నష్టమే. ఆ చందాలు కట్టే గ్రంథాలయాలు లేకపోతే అసలే ఉండకపోయేది కదా అన్నదీ నిజమే. ఆ నిర్వాహకులు తీసుకున్న నిర్ణయాన్ని నేను విమర్శించలేను. వారిని ఆ స్థితికి నెట్టిన పద్ధతినే విమర్శిస్తాను.

పరిశోధన నిధుల్లో 5 శాతం డేటాను తిరిగి వాడుకునేలా ఉంచడానికి కేటాయించాలని, ఫెయిర్ సూత్రాల రూపకర్తల్లో ఒకరైన బరెండ్ మోన్స్ 2020లో నేచర్ పత్రికలో వాదించారు. అంకె ఐదా, మూడా అన్నదానికంటే, ఆ సొమ్ము ఏ పద్దులో పడుతుందన్నది ముఖ్యం. ప్రాజెక్టు పద్దులో పడితే, ప్రాజెక్టుతోపాటే అయిపోతుంది. జీబిఫ్‌లో సభ్య దేశాలు తమ జాతీయోత్పత్తి స్థాయిని బట్టి ఏటా వాటా చెల్లిస్తాయి; ధనిక దేశం ఎక్కువ, పేద దేశం తక్కువ, డేటా మాత్రం అందరికీ సమానం. అన్ని రంగాలకూ ఇది కుదరకపోవచ్చు గాని, ఒక దేశం ఒక ఏడాది మనసు మార్చుకున్నా కూలిపోని ఏర్పాటు ఇది. అందులో క్యూరేటర్ ఉద్యోగం శాశ్వతమైతేనే ఒప్పందాలకు జ్ఞాపకశక్తి ఉంటుంది. ఏడాదికోసారి కాంట్రాక్టు మారే మనిషికి, 1990లలో ఫలానా కేంద్రం తన పరికరాన్ని ఎందుకు మార్చిందో తెలిసే వీలు లేదు.

చివరి విషయం యాజమాన్యం. శాశ్వత గుర్తింపు సంఖ్య అని పిలిచేది దాన్ని నడిపే సంస్థ బతికి ఉన్నంతవరకే శాశ్వతం. వెబ్ పేజీ చోటు మారినా చెల్లే పర్ల్ చిరునామాల సేవను ఏళ్ల తరబడి నడిపిన గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ, 2016లో దాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు అప్పగించింది. తీసుకునేవారు ఉన్నారు కాబట్టి లక్షలాది లింకులు బతికాయి. ఇది అదృష్టానికి వదిలేయవలసిన విషయం కాదని, పరిశోధన వసతులను నడిపే సంస్థల కోసం 2015లో ముగ్గురు రచయితలు ప్రతిపాదించిన పోసీ సూత్రాలు గట్టిగా చెబుతాయి. పరిమిత కాలపు నిధులను పరిమిత కాలపు పనులకే వాడాలి. ఆదాయం సేవల నుంచి రావాలి తప్ప డేటాను అమ్ముకోవడం నుంచి కాదు. ఆపత్కాలంలో ఆదుకునే సొమ్ము నిల్వ ఉండాలి. సంస్థ బతికుండగానే తన వీలునామా రాసుకోవాలి. సాఫ్ట్‌వేర్, డేటా రెండూ బహిరంగంగా ఉండి, నిర్వాహకులు దారి తప్పితే సమాజం వాటిని తీసుకుని వేరుగా కొనసాగించగలగాలి. పరిశోధన పత్రాలకు డీఓఐలిచ్చే క్రాస్‌రెఫ్ 2020లో ఈ సూత్రాలను స్వీకరించింది, తర్వాత మరికొన్ని సంస్థలు అదే దారి పట్టాయి. ఏదైనా ఉమ్మడి వసతికి డబ్బు మంజూరు చేసే ముందు కమిటీలు అడగవలసిన మొదటి ప్రశ్న ఆ వీలునామా గురించే అయి ఉండాలని నా అభిప్రాయం. ఎంత మందికి సేవ చేస్తారన్నది దాని తర్వాత అడగవచ్చు.

ఇది ఊహాజనితమైన జాగ్రత్త కాదనడానికి ఆర్‌ఓఆర్ పుట్టుకే సాక్ష్యం. పరిశోధన సంస్థలకు గుర్తింపు సంఖ్యలిచ్చే గ్రిడ్ అనే డేటాబేస్‌ను డిజిటల్ సైన్స్ అనే వాణిజ్య సంస్థ నడిపేది. దాన్ని ఏ షరతులూ లేని సీసీ0 లైసెన్సుతో అందరికీ ఇచ్చింది. ఆ డేటానే విత్తనంగా తీసుకుని క్రాస్‌రెఫ్, డేటాసైట్, కాలిఫోర్నియా డిజిటల్ లైబ్రరీ కలిసి 2019లో ఆర్‌ఓఆర్‌ను మొదలుపెట్టాయి. 2021లో గ్రిడ్ తన బహిరంగ విడుదలలను ఆపేసింది. దానిపై ఆధారపడిన వ్యవస్థలు అప్పటికే ఆర్‌ఓఆర్ రికార్డుల్లో జతచేసి ఉన్న పాత గ్రిడ్ సంఖ్యలను చూసుకుని, ఒక్కొక్కటిగా కొత్తదానికి మారాయి. ఆర్‌ఓఆర్ సొంతంగా రికార్డులను సవరించడం 2022లో మొదలుపెట్టింది. ఆ లైసెన్సు మరోలా ఉండి ఉంటే, ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలన్నిటి పేర్ల పట్టికను ఎవరో ఒకరు మళ్లీ మొదటి గడి నుంచి నింపాల్సి వచ్చేది.